కొస మూత తెరిచేదెప్పుడు?

వేంపల్లెకు నాలుగైదు మైళ్ళ దూరంలో ఒక చీనీ తోట. మే నెల, పొద్దున తొమ్మిదికే బండలు కాలుతున్నాయి. గట్టు దగ్గర చెట్లు నల్లగా, నిండుగా ఉన్నాయి. సాలు వెంట నడిచేకొద్దీ ఆకు సన్నబడుతోంది. కొసన ఉన్న నాలుగు చెట్ల ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఆ ఇంటి పెద్దమ్మ ముందు నడుస్తూ చెబుతోంది. డ్రిప్పర్లు రెండుసార్లు మార్చారు, ఆసిడ్ పట్టించారు, మోటారు విప్పి చూపించారు. ఆ నాలుగు చెట్లకు మాత్రం నీళ్ళు అందడం లేదు.

నేను సాలు వెంట పరిచిన సన్నటి లేటరల్ పైపు కొస దగ్గర కూర్చున్నాను. పైపును మడిచి, ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ప్లాస్టిక్ క్లిప్పు తొడిగారు. దాని మీద ఆకు చెత్త, మట్టి. క్లిప్పు లాగితే రాలేదు. అటూ ఇటూ తిప్పి లాగితే వచ్చింది. మడత విప్పినా ఏమీ కారలేదు. పైపును వేళ్ళతో నలిపితే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడైంది. కాసేపటికి తడి సున్నం లాంటి ముద్ద బయటికొచ్చింది, దాని వెనక ఎర్రటి జిగురు తీగ, ఆ తర్వాత చిమ్ముతూ నీళ్ళు.

"ఈ మూత తీసి ఎన్నాళ్ళయింది పెద్దమ్మా?"

"బిగిచ్చినప్పుటి నుంచి ముట్టుకోలే నాయనా. మూత తీస్తే నీళ్ళు పోతాయి గదా."

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో డ్రిప్పు మీద జరిగే మాటల్లో సబ్సిడీ ఉంటుంది, కంపెనీ ఉంటుంది, డ్రిప్పర్ గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుందన్నది ఉంటుంది, ఏ ఆసిడ్ మంచిదన్నది ఉంటుంది. లోపల చేరిన మురికి ఏ దారిన బయటికి పోవాలన్న సంగతి దాదాపు వినబడదు. ఆ దారులు చాలానే ఉన్నాయి. లేటరల్ కొస మూత, సబ్‌మెయిన్ చివర ఫ్లష్ వాల్వ్, శాండ్ ఫిల్టర్ అడుగున బిరడా, స్క్రీన్ ఫిల్టర్ కింద కుళాయి, హైడ్రోసైక్లోన్ కింద ఇసుక కుండ. మురికి లోపలికి రావడానికి బోరు మొత్తం తెరిచే ఉంటుంది. బయటికి పోవడానికి ఉన్న ఈ అయిదు తలుపులూ ఏళ్ళ తరబడి మూసి ఉంటే ఏమవుతుందో, బిగుసుకుపోయినవాటిని మళ్ళీ ఎలా దారికి తేవాలో ఇక్కడ చూద్దాం.

డ్రిప్పు మన దగ్గరికి ఎలా వచ్చిందో ఒక్క మాటలో చెప్పుకోవాలి. ఇజ్రాయెల్ ఇంజనీరు సిమ్హా బ్లాస్ ఆలోచనతో 1965లో నెగెవ్ ఎడారి అంచున హట్జెరిమ్ అనే సమష్టి గ్రామంలో నెటాఫిమ్ అనే డ్రిప్పు కంపెనీ పుట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నవంబరులో సూక్ష్మ నీటిపారుదల ప్రాజెక్టు మొదలైంది. చిన్న, సన్నకారు రైతులకు రాయితీ 90 శాతం దాకా వెళ్ళింది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఒకసారి రాయితీ తీసుకున్న రైతు ఏడేళ్ళ తర్వాత మళ్ళీ తీసుకోవచ్చు. అంటే పరికరం కనీసం ఏడేళ్ళు పనిచేయాలన్నది లెక్క. మూడో ఏటికే కొస చెట్లు వాడిపోతున్నాయంటే మిగతా నాలుగేళ్ళు ఆ తోట అరకొర నీటితో బతుకుతోందని అర్థం. ఇందులో రైతు డబ్బుంది, జనం డబ్బుంది, అన్నిటికంటే మించి వందల అడుగుల లోతు నుంచి తోడిన నీరుంది.

మన నేల సంగతి తెలియకుండా ఈ మూతల సంగతి అర్థం కాదు. భూగర్భ శాస్త్రవేత్తలు కడప రాతి పొరలకు పెట్టుకున్న పేర్లు చూడండి: వేంపల్లె పొర, పులివెందుల పొర, గండికోట పొర, నర్జి సున్నపురాయి. అన్నీ మన ఊళ్ళే. వేంపల్లె పొరలో ఎక్కువగా ఉన్నది డోలమైట్, అంటే సున్నం, మెగ్నీషియం కలిసిన రాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది సున్నపురాయిని నమ్ముకునే. మన ఇళ్ళలో పరిచే కడప బండ కూడా సున్నపురాయే. ఆ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిని మనం బోరులోంచి తోడుతున్నాం.

లోతులో ఉన్న నీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. ఆ వాయువు ఉన్నంతసేపు సున్నం కూడా నీళ్ళలో కరిగే ఉంటుంది. నీరు పైకి రాగానే ఒత్తిడి తగ్గి వాయువు తప్పించుకుంటుంది. నల్ల పైపు ఎండకు కాగి, లోపలి నీరు వేడెక్కుతుంది. ఇక సున్నం కరిగి ఉండలేక పైపు గోడకు, డ్రిప్పర్ నోటికి, మూత మరలకు పట్టుకుంటుంది. జమ్మలమడుగుకు ఉత్తరాన కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవారికి పైకప్పు నుంచి వేలాడే రాతి కొమ్ములు గుర్తుండే ఉంటాయి. అక్కడ చుక్క చుక్కగా పేరుకున్నదీ, మన లేటరల్ కొసన ముద్దగా వచ్చినదీ ఒకటే పదార్థం. అక్కడ వేల ఏళ్ళు పట్టింది. ఇక్కడ కరెంటు ఉన్న ప్రతి రోజూ కొత్త నీరు, కొత్త సున్నం వచ్చి చేరుతుంది కాబట్టి రెండు మూడేళ్ళు చాలు.

మూడు ఊళ్ళకు మురికి ఒకటే కాదు. ప్రొద్దుటూరు వైపు పెన్నా ఒడ్డు బావుల్లో సన్నటి ఇసుక, కేసీ కాలువ కింది గుంటల్లో ఒండ్రు, నాచు, చిన్న నత్తలు. పులివెందుల, వేంపల్లె బోర్లలో సున్నం, కొన్నిచోట్ల ఇనుము. ఆ ఇనుమును తిని పెరిగే సూక్ష్మజీవుల వల్లే ఎర్ర జిగురు తీగలు వస్తాయి. జమ్మలమడుగు వైపు నల్లరేగడి బంకమట్టి, జలాశయాల నాచు. మైలవరానికీ, పులివెందుల బ్రాంచి కాలువకూ తుంగభద్ర ఎగువ కాలువ నుంచీ నీరు వస్తుంది. తుంగభద్ర డ్యాము 1953లో నిండినప్పుడు 132 టీఎంసీలకు పైగా పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడది సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. అంత పెద్ద జలాశయానికే అడుగున చేరింది బయటికి పంపడం చేతకాలేదు. ఆ నీటిలో తేలుతూ వచ్చే సన్న మట్టి మన గుంటలో ఆగకపోతే ఫిల్టర్‌లో, ఫిల్టర్‌లో ఆగకపోతే పైపు కొసన ఆగుతుంది.

కొసనే ఎందుకు? లేటరల్ పొడవునా ప్రతి డ్రిప్పర్ కొంత నీటిని తీసుకుంటూ పోతుంది. మొదట్లో పరుగెత్తిన నీరు చివరికి వచ్చేసరికి నడుస్తుంది, చివరి నాలుగు చెట్ల దగ్గర దాదాపు నిలబడుతుంది. నీరు నిలబడ్డచోట అది మోసుకొచ్చిందంతా కిందికి దిగుతుంది. ఫిల్టర్ ఎంత మంచిదైనా దీన్ని తప్పించలేదు. సాధారణంగా వాడే 120 మెష్ జల్లెడ కంతలు సుమారు 130 మైక్రాన్లు. బంకమట్టి రేణువులు అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి, జల్లెడ దాటిపోతాయి. సున్నమైతే జల్లెడ దాటేటప్పుడు కరిగే ఉంటుంది, పైపులోనే గట్టిపడుతుంది. అందుకే మంచి ఫిల్టర్ ఉంటే కొస మూతతో పని లేదనే మాట నాకు ఒప్పదు. ఫిల్టర్ వల్ల మురికి చేరడం ఆలస్యమవుతుంది. చేరిన మురికిని పంపే పని మాత్రం మూతదే.

బోరు దగ్గర నుంచి వరసగా నడిచి చూద్దాం. ఇసుక పోసే బోర్లకు హైడ్రోసైక్లోన్ పెడతారు. నీటిని గరాటులో గిరగిరా తిప్పి బరువైన ఇసుకను కిందికి దించుతుంది. ఆ ఇసుక కింద ఉన్న కుండలో చేరుతుంది. కుండ నిండితే సైక్లోన్ ఉన్నా లేనట్టే, దిగాల్సిన ఇసుక మళ్ళీ నీటితో పైకి పోతుంది. ప్రొద్దుటూరు వైపు నేను చూసిన చాలా తోటల్లో ఆ కుండ మూత తుప్పుతో ఒక్కటైపోయి ఉంది.

శాండ్ ఫిల్టర్‌కు రెండు ప్రెషర్ గేజీలు ఉంటాయి, లోపలికి వచ్చేచోట ఒకటి, బయటికి పోయేచోట ఒకటి. రెంటి మధ్య తేడా అర కిలో దాటితే నీటిని తిరగదోసి కడగాలి. గేజీ అద్దం పగిలి, ముల్లు ఒకేచోట ఆగిపోయి ఉంటే ఆ కబురు చెప్పేవాళ్ళే లేరు. కడగడం కూడా వాల్వులు తిప్పితే అయిపోదు. సున్నపు నీటికి లోపలి ఇసుక అట్టకడుతుంది. నీరు ఆ అట్టలో సొరంగాలు చేసుకుని వడకట్టకుండానే జారిపోతుంది. గేజీ తేడా తక్కువే చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. అందుకే ఏడాదికొకసారైనా పై మూత తీసి, చెయ్యి పెట్టి ఇసుకను కదిలించి చూడాలి. రేణువుల అంచులు గరుకుగా ఉంటే సరే. నున్నగా గుండ్రబడి ఉంటే అడుగు బిరడా విప్పి పాతది తీసేసి కొత్తది పోయాలి. సరిగ్గా ఆ బిరడానే ఎవరూ విప్పలేరు. స్క్రీన్ ఫిల్టర్ జల్లెడను మాత్రం రైతులు బాగానే కడుగుతారు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి.

అన్నిటికంటే అన్యాయమైపోయేది సబ్‌మెయిన్ చివరి ఫ్లష్ వాల్వ్. సబ్‌మెయిన్ లేటరల్స్‌కు నీరు పంచే పైపు, భూమిలో ఉంటుంది. దాని కొసను పైకి లేపి వాల్వ్ పెట్టాలి. కొత్తలో పెడతారు కూడా. రెండో ఏడు దున్నకానికి ట్రాక్టర్ తిరిగేచోట అది అడ్డమవుతుంది. విరుగుతుంది, లేదా విరగకూడదని రైతే కిందికి వంచి డమ్మీ మూత అతికించి మట్టి కప్పుతాడు. మరుసటి ఏటికి అది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఆ మనిషి కువైట్‌కో బెంగుళూరుకో పోయాడంటే ఇక ఎవరికీ తెలియదు. సబ్‌మెయిన్ మురికిని కడగకుండా లేటరల్స్ ఎన్ని కడిగినా రెండు రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది, సబ్‌మెయిన్ అడుగున ఉన్న ఒండ్రంతా వాటిలోకే దిగుతుంది. బిందె తోమకుండా చెంబులు తోమినట్టు. ఒక తోటను బాగుచేయమని నన్నెవరైనా పిలిస్తే మొదట అడిగేది గడ్డపార, ఆ వాల్వ్ వెతకడానికి.

ఇప్పుడు పెద్దమ్మ మాటకు లెక్కతో జవాబు చెప్పాలి. మూత తీస్తే నీళ్ళు పోతాయన్నది నిజమే. ఎన్ని పోతాయి?

ఆరడుగుల సాళ్ళతో మూడెకరాల అరటి తోట తీసుకుందాం. ఎకరానికి 35 లేటరల్స్, మూడెకరాలకు 105. ఒక్కో కొసను మూడు నిమిషాలు తెరిచి ఉంచితే, నిమిషానికి మూడు లీటర్ల లెక్కన తొమ్మిది లీటర్లు పోతాయి. మొత్తం కలిపితే వెయ్యి లీటర్ల లోపే. అదే తోటలో ఎకరానికి 1,210 చెట్లు. వేసవిలో చెట్టుకు 20 లీటర్లు అనుకున్నా రోజుకు 70 వేల లీటర్లు పైగా పారిస్తాం. పదిహేను రోజులకొకసారి వెయ్యి లీటర్లు వదలడమంటే ఒక్క రోజు పారకంలో డెబ్బయ్యో వంతు. ఈ లెక్క చెప్పినప్పుడు రైతు ముఖంలో వచ్చే మార్పు నేను చాలాసార్లు చూశాను. నీటిని కన్నబిడ్డలా చూసుకునే నేల ఇది. కరువు నేర్పిన పొదుపు అది, దాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. ఆ పొదుపే ఇక్కడ కొస చెట్ల గొంతు ఎండబెడుతోందని ఓపికగా చెప్పాలి.

అసలు ఖర్చు నీటిది కాదు, సమయానిది. పగటి కరెంటు తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటల్లో మూడు బ్లాకులకు వంతులవారీగా పారాలి. 105 కొసలు అయిదేసి చొప్పున తెరిచి మూస్తే గంటన్నర పడుతుంది. అన్నీ ఒకేసారి తెరిస్తే ఒత్తిడి పడిపోయి, నీరు కారుతుందే తప్ప మురికిని తోయదు. దీనికి లెక్కుంది. పైపు అడుగున పట్టిన రేణువు కదలాలంటే నీటి వేగం సెకనుకు 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తోటలో దీన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. మనం వాడే 16 మిల్లీమీటర్ల లేటరల్ లోపలి వ్యాసం 14కు కాస్త తక్కువ. ఆ వేగంతో నీరు వస్తే లీటరు సీసా 22 సెకన్లలో నిండుతుంది. అంతకంటే ఎక్కువసేపు పడితే తెరిచిన కొసలు ఎక్కువైనట్టు, లేదా లోపల ఇంకా అడ్డం ఉన్నట్టు. 63 మిల్లీమీటర్ల సబ్‌మెయిన్‌కైతే పదిహేను లీటర్ల బకెట్టు 18 సెకన్లలో నిండాలి. తోటలో పనిచేసే ప్రతి మనిషికీ ఈ రెండు అంకెలు నోటికి రావాలని నా కోరిక. ఒక సీసా, చేతిలో ఫోను, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇక బిగుసుకుపోయినవాటిని విప్పే సంగతి. ఇక్కడే చేయి తిరిగినవాళ్ళకూ తొందరపడేవాళ్ళకూ తేడా తెలుస్తుంది.

మొదట మోటారు ఆపి, గాలి వాల్వ్ తెరిచి, లోపల ఒత్తిడి పూర్తిగా పోయిందని చూసుకోవాలి. ఒత్తిడి ఉన్న ఫిల్టర్ బిరడా విప్పితే అది గుండులా ఎగురుతుంది. ముఖం ఎప్పుడూ బిరడాకు ఎదురుగా పెట్టకూడదు.

పీవీసీ మూత బిగుసుకుంటే పైపు రెంచి వేయాలని చెయ్యి లాగుతుంది. వేయొద్దు. ఎండకు కాగి కాగి ఆ ప్లాస్టిక్ పెళుసైపోయి ఉంటుంది. మూత కదలకముందే కింది మరలు చిట్లుతాయి. చుట్టూ మట్టి తీసి, మరల సందు పాత బ్రష్షుతో తోమాలి. సున్నం తెల్లగా కనిపిస్తే వెనిగర్‌లోనో, నీళ్ళు బాగా కలిపిన ఆసిడ్‌లోనో గుడ్డ తడిపి మూతకు చుట్టి అరగంట వదలాలి. బుడగలు వస్తే సున్నం కరుగుతున్నట్టు. తర్వాత వేడినీళ్ళ గుడ్డ, మరుగుతున్నవి కాదు, చెయ్యి ఓర్చుకునేంత వేడివి. మూత కాస్త వ్యాకోచిస్తుంది. అప్పుడు ఒక చేత్తో కింది పైపును గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పాత సైకిలు ట్యూబు ముక్కను మూతకు చుట్టి తిప్పాలి. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. పట్టు వదలడానికి ఆ వెంట్రుకవాసి కదలికే కావాలి. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే మొండితనం పనికిరాదు. మూతకు అరడుగు ఇవతల రంపంతో తిన్నగా కోసి, కొసను గీరి శుభ్రం చేసి, కొత్త బాల్ వాల్వ్ అతికించడమే మేలు. అతుకు గట్టిపడేదాకా, కనీసం ఆ పూటంతా, నీళ్ళు వదలకూడదు.

ఇనుప ఫిల్టర్ అడుగు బిరడాది వేరే కథ. చాలాసార్లు ఇనుప ఒంటికి ఇత్తడి బిరడా బిగిస్తారు. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిసి ఉంటే ఒకటి రెండోదాన్ని తింటుంది, ఆ తుప్పు మరల సందులో ఉబ్బి సిమెంటులా పట్టేస్తుంది.

అలాంటి బిరడాకు తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదలాలి. పొద్దున బిరడా తల మీద చిన్న సుత్తితో నాలుగు వైపులా తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. నూనె సందుల్లోకి దిగడానికి ఆ అదురు చాలు. సరైన కొలత స్పానర్ వేయాలి, తల అరిగిపోతే ఇక గతి లేదు. బయటికొచ్చాక మరలు తోమి, టెఫ్లాన్ టేపు చుట్టి, చేత్తో బిగించి, ఆపైన స్పానర్‌తో కాస్త. పై మూత రబ్బరు వాషర్‌కు గ్రీజు, ఆముదం, ఇంజను నూనె ఏదీ రాయొద్దు. నూనె తగిలితే చాలా రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీళ్ళు చాలు.

లేటరల్ కొస అన్నిటికంటే తేలిక, దానికీ ఒక కిటుకుంది. ఒకేచోట మడిచి, విప్పి, మళ్ళీ మడిస్తే అక్కడ పైపు పగులుతుంది. ఏడాదికొకసారి నలిగిన జానెడు ముక్క కోసేసి కొత్తచోట మడవాలి. అందుకే బిగించే రోజే చివరి చెట్టు దాటాక మూడు నాలుగు అడుగుల పైపు ఎక్కువ వదలమని చెప్పాలి. బిగించేవాళ్ళు పైపు మిగల్చాలని చూస్తారు, రైతు దగ్గరుండి అడగాలి. ఆ కొసను చిన్న పుల్లకు కట్టి నేల మీద నుంచి కాస్త పైకి ఉంచితే చెత్త కింద పోదు, కంటికి కనిపిస్తుంది.

ఆసిడ్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మన దగ్గర ఆసిడ్ మీద ఉన్న నమ్మకం దాని శక్తికి మించినది. ఆసిడ్ సున్నాన్ని కొంత కరిగిస్తుంది, మిగతాదాన్ని పెళ్ళలుగా ఊడదీస్తుంది. కొస మూత తెరవకుండా ఆసిడ్ పట్టిస్తే ఆ పెళ్ళలు కొట్టుకుపోయి చివరి డ్రిప్పర్ల నోట్లో ఇరుక్కుంటాయి. వేంపల్లె తోటలో జరిగింది అదే. ముందు మెయిన్, తర్వాత సబ్‌మెయిన్, ఆ తర్వాత లేటరల్స్ కడగాలి. అప్పుడే ఆసిడ్. ఎంత కలపాలన్నది పక్క తోటవాళ్ళను అడిగి తెలుసుకునేది కాదు. మన బోరు నీళ్ళు ఒక బకెట్టులో కొలిచి పోసి, ఆసిడ్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ, కాగితం పట్టీతో పీహెచ్ 4కు వచ్చేదాకా చూసి, ఆ నిష్పత్తితో వెంచురి (మందు పీల్చే గొట్టం) ద్వారా ఎక్కించాలి. ఫిల్టర్ దాటాకే ఎక్కించాలి, లేకపోతే ఇనుప ఫిల్టర్‌ను తినేస్తుంది. ఒక రోజు పైపుల్లో నిలబెట్టి, మళ్ళీ అదే వరసలో కొసలన్నీ తెరిచి కడగాలి. ఎప్పుడూ నీళ్ళలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. నాచుకు, ఎర్ర జిగురుకు ఆసిడ్ కంటే బ్లీచింగ్ నీళ్ళు బాగా పనిచేస్తాయి. రెండూ ఒకే రోజు, ఒకే డబ్బాతో వద్దు. అవి కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. షెడ్డు తలుపు మూసుకుని ఈ పని చేసేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పనవుతుంది.

ఎరువులకూ ఇందులో భాగముంది. కాల్షియం నైట్రేట్, 12-61-0 అనే భాస్వరం ఎరువు ఒకే ట్యాంకులో కలిపితే రెండూ కలిసి తెల్లటి మడ్డి అవుతాయి. సున్నపు నీటిలో భాస్వరం ఎరువు ఒక్కటి కలిపినా కొంత మడ్డి తప్పదు. గాజు గ్లాసులో కలిపి రెండు గంటలు వదిలి చూస్తే తెలిసిపోతుంది. ఎరువు వదిలాక చివరి పావుగంట మంచినీళ్ళు పారించకపోతే ఆ మడ్డి రాత్రంతా పైపులో కూర్చుంటుంది.

మూతలు మనిషి చేత్తో తెరవాలా, వాటంతటవే తెరుచుకునేవి పెట్టాలా అన్నది మిగిలిన ప్రశ్న. మోటారు వేసిన మొదటి క్షణాల్లో కాస్త నీరు చిమ్మి, ఒత్తిడి పెరగ్గానే మూసుకునే చిన్న వాల్వులు దొరుకుతాయి. తేలికపాటి ఒండ్రుకు అవి మంచివే. మన సున్నానికి వాటి లోపలి స్ప్రింగు, రబ్బరు కూడా పట్టేస్తాయి, అప్పుడు ఆ వాల్వే ఇంకో బిగుసుకున్న మూత అవుతుంది. నాకు నచ్చింది వేరు. అరటిలా సాళ్ళు దగ్గరగా ఉన్న తోటల్లో లేటరల్ కొసలన్నిటినీ ఒక అడ్డ పైపులో కలిపి, దానికి ఒక్క వాల్వ్ పెట్టడం. ముప్ఫై అయిదు మూతల పని ఒక్క మూతతో తీరుతుంది. అన్ని సాళ్ళూ ఒకేసారి పారతాయి కాబట్టి ఒత్తిడి చాలాలంటే బ్లాకులు చిన్నవిగా విడదీయాలి, అది మొదట్లోనే ఆలోచించాల్సిన సంగతి. పైపు ఖర్చు పెరుగుతుంది. కూలి మనిషి దొరకని ఈ రోజుల్లో ఆ ఖర్చు తిరిగొస్తుందనే నా నమ్మకం. చీనీ తోటలో సాళ్ళు దూరం, కొసలు తక్కువ, అక్కడ ఎనిమిది క్లిప్పు చాలు.

ఏ పద్ధతైనా ఆ పని ఒక మనిషిదని తేలాలి. రాయలసీమ చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ఎప్పుడు మూయాలి అన్నది అతని బాధ్యత, అందుకు పంటలో అతనికి మేర ఉండేది. మన జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువుకు రెండేళ్ళు రోజూ వెయ్యి మంది పనిచేశారని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. చెరువు తవ్వడంతో పని అయిపోలేదని వాళ్ళకు తెలుసు. డ్రిప్పు వచ్చాక తూమును చిన్న చిన్న ముక్కలు చేసి తోటంతా పరిచాం, వాటికి నీరుగంటిని మాత్రం పెట్టుకోలేదు. బిగించినవాళ్ళు రైతు చూసుకుంటాడనుకున్నారు, రైతు కంపెనీ మనిషి వస్తాడనుకున్నాడు, కౌలుకు తీసుకున్నవాళ్ళకు ఏడో ఏటి సంగతి పట్టదు. కౌలు కాగితంలో ఒక వాక్యం రాసుకుంటే చాలు, నెలకు రెండుసార్లు కొసలు తెరవాలని. ప్రభుత్వ తనిఖీలో పైపు ఎన్ని మీటర్లు వేశారన్నది కొలుస్తారు. సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వ్ నేల మీద కనబడుతోందా, తెరిస్తే తెరుచుకుంటోందా అన్నది కూడా అదే కాగితంలో ఒక గడి కావాలి.

వేంపల్లె తోటకు జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మళ్ళీ పోయాను. ట్రాక్టర్ తిరిగేచోట సబ్‌మెయిన్ వాల్వ్ చుట్టూ మూడు కడప బండలు నిలబెట్టి గూడు కట్టారు. కొసలన్నీ వేపపుల్లలకు కట్టి ఉన్నాయి. ఫిల్టర్ షెడ్డు గోడ మీద బొగ్గుతో తేదీలు, పక్కన అంకెలు: 58, 40, 31, 25. పెద్దమ్మకు చదువు రాదు. అంకెలు వేసింది మనవరాలు, సీసా పట్టుకున్నది పెద్దమ్మ. ముడుచుకున్న నాలుగు చెట్లలో మూడింటికి కొత్త చిగురు లేత పచ్చగా ఉంది. నాలుగోది ఇంకా తేల్చుకోలేదు.

నేను గోడ చూస్తూ నిలబడితే ఆమె సీసా అందుకుంది.

"ఇర్వై రెండుకు రావాలంటివి గదా నాయనా. ఆ మూల సాలొకటి మిగిలుండాది. కరెంటు పోయేలోపల తీసేద్దాం పా."